పెళ్ళయ్యాక హెచ్-4 మీద డాలస్ వెళ్తే ప్రోగ్రామర్‌గా పనిచేయొచ్చా?

తిరుచానూరు_జావా అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఎంసీఏ చేశాను. చెన్నైలో ఒక అమెరికా కంపెనీ ఆఫీసులో జావా, స్ప్రింగ్ బూట్ మీద నాలుగేళ్ళ అనుభవం ఉంది. డాలస్ సంబంధం దాదాపు ఖాయమైంది. అబ్బాయికి హెచ్-1బీలో, అంటే కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసాలో, నాలుగో ఏడు నడుస్తోంది. "ఐ-140 ప్రాసెస్‌లో ఉంది, వచ్చాక ఉద్యోగం చేసుకోవచ్చు" అని వాళ్ళవైపు చెప్పారు. ఐ-140 అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషనట. నోటీసు పీరియడ్ 90 రోజులు కదా, ఇప్పుడే రాజీనామా పెట్టెయ్ అంటున్నారు మా ఇంట్లో.

హెచ్-4 మీద, అంటే హెచ్-1బీవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద, దిగగానే ఉద్యోగం చేయొచ్చా? కుదరకపోతే ఇక్కడి ఉద్యోగాన్నే అక్కడినుంచి రిమోట్‌గా చేసుకోవచ్చా? ఇంకోటి, బాలాజీ కాలనీలో ఒక కన్సల్టెన్సీవాళ్ళు నాలుగు లక్షలు కడితే నా పేరు మీదే హెచ్-1బీ వేయిస్తామంటున్నారు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

రేణిగుంట_రన్‌టైమ్

రాజీనామా ఇప్పుడే వద్దమ్మా. ముందు అబ్బాయి దగ్గర్నుంచి ఒక కాగితం రావాలి.

ఉత్త హెచ్-4 మీద అమెరికాలో ఉద్యోగం చేసే హక్కు లేదు. 2015 మే 26 నుంచి కొందరికి మాత్రం వర్క్ పర్మిట్, అంటే ఈఏడీ ఇస్తున్నారు. దానికి భర్త ఐ-140 అప్రూవ్ అయి ఉండాలి. లేదా గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తున్నందువల్ల ఆరేళ్ళ గడువు దాటి అతని హెచ్-1బీ పొడిగించి ఉండాలి. ఈ రెండూ లేకుంటే మీ అనుభవం నాలుగేళ్ళయినా పద్నాలుగేళ్ళయినా అక్కడ జీతం తీసుకోవడానికి లేదు. ఈ ఈఏడీ మీద కోర్టు గొడవ ఏళ్ళ తరబడి సాగింది. 2025 అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు కాబట్టి నిబంధన నిలబడింది.

ఐ-140 వెనక జరిగే తతంగం తెలిస్తే వాళ్ళ మాట ఎంతవరకు నమ్మాలో మీకే అర్థమవుతుంది. మొదట కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్ నుంచి ఆ ఉద్యోగానికి ప్రామాణిక జీతం ఎంతో తెప్పించుకోవాలి. తర్వాత ప్రకటనలిచ్చి, అర్హులైన అమెరికన్లు దొరకలేదని చూపించాలి. ఆపైన పర్మ్, అంటే లేబర్ డిపార్ట్‌మెంట్‌కు పెట్టే దరఖాస్తు, దాఖలు చేయాలి. అది సర్టిఫై అయ్యాక గాని ఐ-140 వేయడానికి లేదు. ఇదంతా కలిపి ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టడం మామూలే. ఐ-140 ఒక్కటే ప్రీమియంలో, అంటే అదనపు ఫీజు కట్టి, వేస్తే 15 పనిదినాల్లో తేలిపోతుంది. అందుకే "ప్రాసెస్‌లో ఉంది" అన్నవాళ్ళను అసలు ఐ-140 దాఖలైందా, పర్మ్ దగ్గరే ఆగి ఉందా అని అడగాలి.

అడగాల్సింది ఐ-140కి ఇమిగ్రేషన్ శాఖ నుంచి వచ్చిన ఐ-797 నోటీసు కాపీ. దాని మీద "రిసీట్ నోటీస్" అని ఉంటే దాఖలు చేశారని మాత్రమే. "అప్రూవల్ నోటీస్" అని ఉంటేనే మీకు పని జరుగుతుంది. పిటిషనర్ గడిలో ఉన్న కంపెనీ, అబ్బాయి ఇప్పుడు చేస్తున్న కంపెనీ ఒకటేనా చూడండి. పాత కంపెనీదైనా ఫర్వాలేదు, కానీ అప్రూవ్ అయి 180 రోజులు దాటి ఉండాలి. అప్పుడైతే ఆ కంపెనీ వెనక్కి తీసుకున్నా దాని బలం పోదు. 180 రోజుల లోపే వెనక్కి తీసుకుంటే దాని ఆధారంగా వచ్చే ఈఏడీ కూడా పోయినట్టే.

అప్రూవల్ ఉందనే అనుకుందాం, అయినా దిగిన రోజే ఉద్యోగం రాదు. అమెరికాలో హెచ్-4 హోదాతో ఉంటేనే ఐ-765, అంటే ఈఏడీ దరఖాస్తు ఫారం, వేయాలి, ఇండియా నుంచి కుదరదు. కేటగిరీ గడిలో సీ26 అని రాయాలి. కాగితం మీద పంపితే ఫీజు 520 డాలర్లు. మీ ఐ-94 (అక్కడ దిగిన తేదీ, ఉండగల గడువు చూపే రికార్డు), పెళ్ళి సర్టిఫికెట్, అతని హెచ్-1బీ, ఐ-140 నోటీసులు జతచేయాలి. కార్డు చేతికి రావడానికి నెలలు పడుతుంది. వచ్చాక మాత్రం ఏ కంపెనీలోనైనా చేరొచ్చు, సొంతంగా కాంట్రాక్టులూ తీసుకోవచ్చు, స్పాన్సర్‌షిప్‌తో పనిలేదు.

చాలామందికి దెబ్బ తగిలేది రెన్యూవల్ దగ్గర. ఇంతకుముందు గడువులోపల రెన్యూవల్ వేసి ఉంటే పాత కార్డు మీదే 540 రోజుల వరకు పనిచేసే వీలుండేది. 2025 అక్టోబర్ 30న గాని ఆ తర్వాత గాని వేసినవాటికి ఆ వెసులుబాటు తీసేశారు. కార్డు గడువు ముగిసేసరికి కొత్తది రాకపోతే ఆ రోజే పని ఆపాలి. కంపెనీ మంచిదైతే జీతం లేని సెలవిస్తుంది, లేదంటే తీసేస్తుంది. గడువుకు 180 రోజుల ముందు నుంచి వేయొచ్చు కాబట్టి ఆ మొదటి వారంలోనే వేసెయ్యాలి.

ఈ కార్డు గడువు మీ ఐ-94 గడువును దాటదు. ఐ-94 మీద తేదీ వేసేటప్పుడు ఎయిర్‌పోర్టు అధికారి పాస్‌పోర్టు గడువు కూడా చూస్తాడు. వీసా మూడేళ్ళున్నా పాస్‌పోర్టు ఏడాదిలో అయిపోతుంటే ఐ-94 అక్కడికే కుదించేస్తారు, దాన్నిబట్టి ఈఏడీ కూడా కుంచించుకుపోతుంది. మీ పాస్‌పోర్టు గడువు దగ్గరపడుతుంటే తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ముందే రీఇష్యూ చేయించుకోండి.

పెళ్ళిమాటల్లో కాగితాలు అడిగితే బాగుండదని ఇంట్లో అంటారు. జాతకం అడగడానికి లేని మొహమాటం ఐ-797కి ఎందుకో నాకైతే అర్థం కాదు.

వీపీఎన్_వెంకటగిరి

రిమోట్ సంగతి నేను చెప్తాను. ఈఏడీ లేకుండా డాలస్‌లో కూర్చుని చెన్నై ఆఫీసు పని చేయొద్దు. జీతం ఇండియా అకౌంట్లో పడుతుంది కదా అని చాలామంది ధైర్యం చేస్తారు. మీరు పనిచేస్తున్న నేల అమెరికాది. ఇమిగ్రేషన్ లాయర్లు ఇది అనధికార ఉద్యోగం కిందికే వస్తుందని హెచ్చరిస్తారు. రేపు గ్రీన్‌కార్డుకు ఐ-485 వేసేటప్పుడు అనుమతి లేకుండా ఎప్పుడైనా పనిచేశారా అని నేరుగా అడుగుతారు. దానికి అబద్ధం రాస్తే అసలు తప్పుకన్నా పెద్ద తప్పవుతుంది. కంపెనీ వైపు నుంచి చూసినా లాగిన్ ఎక్కడి ఐపీ నుంచి వస్తోందో సెక్యూరిటీవాళ్ళకు కనబడుతుంది. అనుమతి లేకుండా ఆఫీసు ల్యాప్‌టాప్ దేశం దాటించడం ఒక్కటే చాలు, రిలీవింగ్ లెటర్ చెడిపోవడానికి.

ఇంతమంది రాస్తారు గానీ ఎల్-1 సంగతి ఎవరూ ఎత్తరు. అది కంపెనీ బయటి దేశంలోని తన ఉద్యోగిని అమెరికా ఆఫీసుకు బదిలీ చేసే వీసా. మీది అమెరికా కంపెనీ అన్నారు కదా. గత మూడేళ్ళలో కనీసం ఒక ఏడాది ఏకధాటిగా అదే సంస్థకు అమెరికా బయట పనిచేసి ఉంటే ఎల్-1కి అడగొచ్చు, మీకు నాలుగేళ్ళు ఉన్నాయి. దీనికి హెచ్-1బీలాగా లాటరీ లేదు, ఏటా ఇన్నే అనే పరిమితి లేదు. ప్రోగ్రామర్లకు సాధారణంగా ఎల్-1బీ, అత్యధికంగా ఐదేళ్ళు. కంపెనీ సొంత సిస్టమ్ మీద బయట సులువుగా దొరకని పరిజ్ఞానం మీకుందని రుజువు చేయాలి. "జావా బాగా వచ్చు" అంటే తిరగ్గొడతారు. "మా కంపెనీ బిల్లింగ్ ఇంజిన్‌లో ఫలానా మాడ్యూల్ రాసింది, నడిపేది ఈమే" అన్నట్టు మేనేజర్ లెటర్ ఉండాలి. ఇబ్బంది ఏంటంటే ఎల్-1 మీద ఉండగా కంపెనీ మారలేరు. అయినా ఇంకొకరి వీసాకు తోకగా కాకుండా మీ హోదా మీ పేరు మీద ఉంటుంది. రాజీనామా పెట్టిన మరుక్షణం ఈ తలుపు మూసుకుపోతుంది. ముందు హెచ్‌ఆర్‌లో గ్లోబల్ మొబిలిటీ చూసేవాళ్ళను కలవండి. డాలస్‌లో టీం లేకపోయినా అమెరికాలో ఇంకెక్కడైనా ఉందేమో అడగండి.

అప్పుడు ఇద్దరూ వేర్వేరు ఊళ్ళలో ఉండాల్సి రావచ్చు. అది మీరిద్దరూ తేల్చుకోవాల్సిన సంగతి.

పోలికకు ఇంకో మాట: భార్యాభర్తల్లో ఒకరు ఎల్-1 అయితే రెండోవాళ్ళకు ఎల్-2 వస్తుంది. 2021 నవంబరు నుంచి వాళ్ళకు ఈఏడీ కార్డు అవసరం లేదు, ఐ-94 మీద ఎల్-2ఎస్ అని ఉంటే అదే పని అనుమతి. ఒకే ఆఫీసులో ఒకే పనిచేసే ఇద్దరు మగవాళ్ళలో ఎల్-1 మీద వెళ్ళినవాడి భార్య మర్నాడే ఉద్యోగంలో చేరుతుంది, హెచ్-1బీ మీద వెళ్ళినవాడి భార్య రెండేళ్ళు ఇంట్లో కూర్చుంటుంది. ఆ అమ్మాయిల చదువుకూ దీనికీ సంబంధమే లేదు.

చిత్తూరు_చెక్‌లిస్ట్

ఆ నాలుగు లక్షలు కట్టొద్దు. హెచ్-1బీ రిజిస్ట్రేషన్ ఫీజు 215 డాలర్లు, అదీ కంపెనీ కట్టాల్సింది. పిటిషన్ ఖర్చులు, లాయర్ ఫీజు ఉద్యోగి నెత్తిన రుద్దడాన్ని అక్కడి లేబర్ చట్టం ఒప్పుకోదు. "పది కంపెనీలతో వేయిస్తాం, ఛాన్సు పెరుగుతుంది" అనేది పాత పాట. 2024 నుంచి లాటరీ పాస్‌పోర్టు నంబరును బట్టి, మనిషికి ఒక్కసారే. ఎంతమంది వేసినా మీ చీటీ ఒకటే. పైగా 2026 ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకి వచ్చిన పద్ధతిలో జీతం లెవెల్‌ను బట్టి చీటీల బరువు మారుతుంది. నాలుగో లెవెల్ జీతానికి నాలుగు చీటీలు, ఒకటో లెవెల్‌కు ఒక్కటే. కన్సల్టెన్సీలు సాధారణంగా చూపించేది కింది లెవెళ్ళే.

2025 సెప్టెంబర్ 21 నుంచి ఇంకో బండ పడింది. అమెరికా బయట ఉన్నవాళ్ళకు కొత్త హెచ్-1బీ పిటిషన్ వేస్తే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. బాలాజీ కాలనీలో నాలుగు లక్షల రూపాయలు తీసుకునే మనిషి మీకోసం అక్కడ లక్ష డాలర్లు కట్టే కంపెనీని ఎక్కడినుంచి తెస్తాడు? అదే మీరు హెచ్-4 మీద అమెరికాలోనే ఉండగా స్టేటస్ మార్పుగా వేసి, అది ఆమోదం పొందితే ఆ ఫీజు పడదని అక్కడి ఇమిగ్రేషన్ శాఖ 2025 అక్టోబర్ 20న వివరణ ఇచ్చింది. నిర్ణయం రాకముందే దేశం దాటితే మాత్రం పడుతుంది. అంటే హెచ్-1బీ మీద ఆశ ఉంటే దానికి సరైన చోటు తిరుపతి కాదు, డాలస్. మార్చిలో రిజిస్ట్రేషన్, అక్టోబర్ 1 నుంచి ఉద్యోగం.

ఈ కన్సల్టెన్సీలు చేసే ఇంకో పని నాలుగేళ్ళను ఎనిమిదేళ్ళుగా రాసి మీ పేరుతో రెజ్యూమె ఆన్‌లైన్లో పెట్టేయడం. అమెరికా వీసా అధికారులు 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బీతోపాటు హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలు కూడా చూస్తున్నారు, సెట్టింగ్ పబ్లిక్‌లో పెట్టమంటున్నారు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో మీరు రాసిన ఉద్యోగ వివరాలకూ లింక్డ్‌ఇన్‌లో ఉన్నదానికీ పొంతన లేకపోతే తప్పుడు సమాచారం కింద రాసేసే ప్రమాదం ఉంది. ఆ ముద్ర పడితే జీవితాంతం అడ్డే. ఇప్పటికే వాళ్ళకు రెజ్యూమె ఇచ్చి ఉంటే మీ పేరు గూగుల్లో వెతికి, ఏ జాబ్ సైటులో ఏం పెట్టారో చూసుకుని తీయించండి.

అక్కడికి వెళ్ళాక ఎప్పుడైనా ఇలాంటి కంపెనీలో చేరాల్సి వస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి. హెచ్-1బీ ఉద్యోగికి ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టినా జీతం ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే డబ్ల్యూహెచ్-4 ఫారంతో లేబర్ డిపార్ట్‌మెంట్‌కు ఫిర్యాదు చేయొచ్చు, జరిగిన 12 నెలల లోపల. కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కు పెట్టే ఎల్‌సీఏ దరఖాస్తు కాపీ చేరేరోజుకల్లా మీ చేతికి రావాలి. అందులో రాసిన జీతం, పనిచేసే ఊరు చూసుకోండి.

అమెరికా కాకుండా వేరే దేశాలకు పంపే ఏజెంట్లయితే భారత ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. రిజిస్టర్ అయినవాళ్ళు తీసుకోగల గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. "థాయ్‌లాండ్‌లో ఐటీ జాబ్, టూరిస్టు వీసా మీద వచ్చేయండి" అంటే అటు తొంగి కూడా చూడొద్దు. అక్కడినుంచి మయన్మార్ దాటించి సైబర్ మోసాల పనిలో కూర్చోబెడుతున్నారని 2022లోనే విదేశాంగ శాఖ హెచ్చరించింది.

తిరుచానూరు_జావా

అందరికీ థ్యాంక్స్ అండీ. కాగితం అడిగితే వాళ్ళేమీ అనుకోలేదు, వెంటనే పీడీఎఫ్ పంపారు. కానీ దాని మీద ఐ-797 అని ఎక్కడా లేదు. పైన లేబర్ డిపార్ట్‌మెంట్ పేరు, ఈటీఏ-9089 అని ఉంది, ఒక ఫైలింగ్ తేదీ ఉంది. ఇదేంటి?

రేణిగుంట_రన్‌టైమ్

అది పర్మ్ దరఖాస్తు. అంటే ఐ-140 ఇంకా వేయలేదు. అబ్బాయి అబద్ధం చెప్పాడని అనుకోనక్కర్లేదు, గ్రీన్‌కార్డు పని మొదలైతే అక్కడ చాలామంది మొత్తాన్నీ కలిపి ఐ-140 అనేస్తుంటారు. ఆ ఫైలింగ్ తేదీ పనికొచ్చేదే, రేపు గ్రీన్‌కార్డు క్యూలో అతని ప్రయారిటీ తేదీ అదే అవుతుంది. ఇండియాలో పుట్టినవాళ్ళకు ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డుల (ఈబీ-2, ఈబీ-3) క్యూ పదేళ్ళకు పైగా వెనకబడి ఉంది కాబట్టి గ్రీన్‌కార్డు సంగతి ఇప్పుడు పక్కన పెట్టండి. మీకు కావాల్సింది ఐ-140 అప్రూవల్ వరకే.

మూడు ప్రశ్నలు అడగండి. పర్మ్ సర్టిఫై అయిందా, ఇంకా పెండింగా? అయితే ఏ తేదీన? సర్టిఫికెట్‌కు 180 రోజులే ప్రాణం, ఆలోపు ఐ-140 వేయకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. మూడోది, కంపెనీ ఐ-140ని ప్రీమియంలో వేస్తుందా? పర్మ్ ఆడిట్‌లో పడితే ఇంకొన్ని నెలలు కలుపుకోండి. మధ్యలో అతను కంపెనీ మారితే పర్మ్ మళ్ళీ కొత్తగా చేయాలి. అతని ఉద్యోగమే పోతే అక్కడ ఉండటానికి ఇద్దరికీ 60 రోజుల గడువు.

పర్మ్ పెండింగ్‌లో ఉంటే పెళ్ళి చేసుకుని, ఇక్కడ ఉద్యోగం వదలకుండా సెలవు మీద వెళ్ళి వచ్చి, ఐ-140 అప్రూవ్ అయ్యాక నోటీసు ఇవ్వడం మంచిది. ఈలోపు ఎల్-1 సంగతీ తేలుతుంది. వీసా ఇంటర్వ్యూలో మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మదనపల్లి_మాడ్యూల్

సంబంధం కుదిరింది కాబట్టి మీకు ఇది పనికిరాకపోవచ్చు. ఈ థ్రెడ్ చదివే మిగతా అమ్మాయిల కోసం రాస్తున్నా.

జర్మనీలో డిగ్రీ ఉన్న ఉద్యోగులకిచ్చే బ్లూకార్డు లెక్క వేరు. 2026కు ఐటీ లాంటి కొరత వృత్తుల్లో ఏడాది జీతం కనీసం 45,934.20 యూరోలు ఉన్న ఆఫర్ కావాలి. లాటరీ లేదు. బ్లూకార్డు ఉన్నవాళ్ళ భర్తకైనా భార్యకైనా దిగినరోజు నుంచే పని అనుమతి ఉంటుంది, ముందుగా జర్మన్ పరీక్ష పాసవ్వక్కర్లేదు. జర్మన్ భాష బీ1 స్థాయిలో వస్తే 21 నెలలకు, మొదటి మెట్టు ఏ1తోనైతే 27 నెలలకు శాశ్వత నివాసానికి అడగొచ్చు. డిగ్రీని అనాబిన్ అనే డేటాబేస్‌లో చూస్తారు. అక్కడ వెతకాల్సింది మీ కాలేజీ పేరు కాదు, పట్టా ఇచ్చిన యూనివర్సిటీ పేరు. మన జిల్లాల్లో చాలా ఇంజినీరింగ్ కాలేజీలు జేఎన్‌టీయూ అనంతపురం కిందివి, కాలేజీ పేరుతో వెతికి లేదని కంగారుపడుతుంటారు. యూనివర్సిటీ ఎదుట, గుర్తింపు ఉన్నట్టుగా, హెచ్+ అని ఉండాలి. లేకపోతే విదేశీ డిగ్రీలను పోల్చి చూసే జెడ్‌ఏబీ అనే సంస్థ నుంచి విడిగా పోలిక పత్రం తెప్పించుకోవాలి. ఏపీవాళ్ళకు కాన్సులేట్ చెన్నైలోనే, మనకు అదొక సుఖం.

అక్కడ చేదు కూడా ఉంది. మొదటి ఆరు నెలల ప్రొబేషన్‌లో రెండు వారాల నోటీసుతో పంపించెయ్యొచ్చు. బెర్లిన్, మ్యూనిక్ దాటితే ఆఫీసు మీటింగులు జర్మన్‌లోనే జరిగే కంపెనీలు చాలా ఉన్నాయి. బ్రిటన్ అయితే 2025 జూలై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు కనీస జీతం సాధారణంగా 41,700 పౌండ్లు, పైన ఆరోగ్య సర్‌చార్జి మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు ముందే కట్టాలి. జీవిత భాగస్వామి పనిచేసుకోవచ్చు.

కట్టమంచి_అక్క

వీసాల గురించి అందరూ రాశారు, నేను కాగితాల సంగతి చెప్తానమ్మా.

తిరుమలలోనో తిరుచానూరులోనో పెళ్ళయితే పురోహితులో మండపంవాళ్ళో ఇచ్చిన రసీదు చాలదు. సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేసిన సర్టిఫికెట్ కావాలి. అందులో పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఒక్క అక్షరం తేడా లేకుండా రాయించండి. పెళ్ళవగానే ఇంటిపేరు మార్చి పాస్‌పోర్టు తీసుకోవాలని తొందరపెడతారు. చట్టప్రకారం అవసరం లేదు, మార్చితే డిగ్రీకీ ఎక్స్‌పీరియన్స్ లెటర్‌కూ పాస్‌పోర్టుకూ పేరు కలవక ప్రతి బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లోనూ సంజాయిషీ ఇచ్చుకోవాలి. చూడాల్సింది సర్‌నేమ్ గడి ఖాళీగా ఉందా అని. ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద మీ పేరంతా సర్‌నేమ్‌లోకి వెళ్ళి, అసలు పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. తర్వాత బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులో అదే పేరు తిరుగుతుంటుంది. రీఇష్యూకి వెళ్ళినప్పుడు ఇంటిపేరు విడదీసి రాయించండి.

కంపెనీ వదిలేరోజు వచ్చినప్పుడు రిలీవింగ్ లెటర్ ఒక్కటే తీసుకుని వచ్చేయొద్దు. చేసిన పని, వాడిన టెక్నాలజీ, తేదీలు రాసిన ఎక్స్‌పీరియన్స్ లెటర్ లెటర్‌హెడ్ మీద అడగండి. రేపు మీ పేరు మీద గ్రీన్‌కార్డో హెచ్-1బీయో వేసే లాయర్ మొట్టమొదట అడిగేది అదే, ఐదేళ్ళ తర్వాత పాత మేనేజర్ని వెతుక్కోవడం కష్టం. యూనివర్సిటీ నుంచి ఒరిజినల్ డిగ్రీ, సీల్ వేసిన ట్రాన్‌స్క్రిప్టులు రెండు మూడు సెట్లు తెప్పించండి. పీఎఫ్ తీసేయకండి, ఐదేళ్ళ సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. గ్రాట్యుటీకి కూడా సాధారణంగా ఐదేళ్ళే లెక్క. మద్రాసు హైకోర్టు తీర్పును బట్టి నాలుగేళ్ళ 240 రోజులకు ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. మీకు నాలుగేళ్ళు నిండాయంటే ఆ తేదీ ఎంతో దూరంలో లేదు, నోటీసు ఇచ్చేముందు క్యాలెండర్ చూసుకోండి.

ఇంకోటి, ఎవరినీ అనుమానించి కాదు. హెచ్-4 మీద ఉన్న భార్యకు ఈఏడీ వచ్చేదాకా సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు, పన్నుల కోసం ఐటీఐఎన్ అనే నంబరు మాత్రమే. అంటే జీతం, ఇల్లు అద్దె కాగితం, కారు అన్నీ భర్త పేరు మీదే ఉంటాయి. మీ పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంచుకోండి. బ్యాంకు ఖాతాలో మీ పేరూ వేయించుకోండి. ఇండియాలో మీ జీతం ఖాతా మూసేయకండి, ఎన్‌ఆర్‌ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ళ ఖాతాగా, మార్పించండి. ఒకవేళ ఇంట్లో హింస ఎదురైతే హెచ్-4 మీద ఉన్నవాళ్ళు భర్త సంతకంతో పనిలేకుండా సొంతంగా ఐ-765వీ ఫారంతో వర్క్ పర్మిట్ అడిగే దారి ఉంది. ఆ ఫారం పేరు తెలియకే చాలామంది ఓర్చుకుని ఉండిపోతారు.

ఐ-94 మీరే అమెరికా సరిహద్దు శాఖ సీబీపీ వెబ్‌సైటులో దింపుకోండి, తేదీ తప్పు పడితే మొదటి వారంలోనే సరిచేయించుకోవచ్చు. ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌లో అకౌంట్ తెరిచేటప్పుడు మీ సొంత ఈమెయిల్, మీ ఫోన్ నంబరే ఇవ్వండి. భర్త మెయిల్ ఇస్తే రెన్యూవల్ గడువు, ఇంకా కాగితాలు కావాలనే నోటీసు, అన్నీ అతని ఇన్‌బాక్స్‌కే వెళ్తాయి. అతను ఆఫీసు పనిలో పడి చూడకపోతే ఆగేది మీ ఉద్యోగం.